మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఆలోచనా వేగం: 90 సెకన్ల పరీక్ష ఏమి కొలుస్తుంది?

నలుగురు కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు ఒకరు ఏదో అడిగారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న మనిషికి ప్రశ్న అర్థమైంది, జవాబూ తెలుసు. ఆ జవాబు నోటిదాకా వచ్చేసరికి మాట మరో విషయం మీదికి మళ్లిపోయింది. ఇలా కొన్నిసార్లు జరిగాక ఊరకే వింటూ తల ఊపడం అలవాటైపోతుంది. చుట్టూ ఉన్నవారికి అది మతిమరుపుగానో, ముభావంగానో, ఆసక్తి లేకపోవడంగానో కనిపిస్తుంది. జవాబు సిద్ధంగానే ఉందని, కాస్త ఆలస్యంగా సిద్ధమైందని వారికి తెలిసే దారి లేదు.

మెదడునూ వెన్నుపామునూ దెబ్బతీసే, ఎంఎస్ అని క్లుప్తంగా పిలిచే ఈ జబ్బులో కాళ్ల పట్టు తగ్గడం, చూపు మసకబారడం, తిమ్మిర్లు, మూత్రం ఆపుకోలేకపోవడం అందరూ గుర్తించే లక్షణాలు. ఆలోచన నెమ్మదించడం కూడా వాటంత మామూలుదే అయినా బయటికి ఆనవాలు ఉండదు. వైద్యుడి గదిలోనైతే అది దాదాపు దాక్కుంటుంది. అక్కడ ఎదురుగా ఒక్కరే ఉంటారు, గది నిశ్శబ్దంగా ఉంటుంది, ప్రశ్నలు ఒకదాని తరువాత ఒకటి తీరికగా వస్తాయి. వేగం తగ్గిన మనిషి అన్నిటికంటే బాగా నెట్టుకురాగల పరిస్థితి సరిగ్గా అదే. పది నిమిషాల సంభాషణ ముగిశాక ‘మాట, జ్ఞాపకం బాగున్నాయి’ అని వైద్యుడు రాసుకుంటే తప్పు పట్టలేము.

ఎంఎస్ తీవ్రతను లెక్కించడానికి ఎక్కువగా వాడే కొలమానం అమెరికన్ న్యూరాలజిస్టు జాన్ కర్ట్‌జ్కీ 1983లో ప్రచురించిన ఈడీఎస్ఎస్. అది 0 నుంచి 10 వరకు ఉంటుంది. 4 దాటిన తరువాత అంకెను చాలావరకు నడకే నిర్ణయిస్తుంది: ఎంత దూరం నడవగలరు, చేతికర్ర కావాలా, చక్రాల కుర్చీ కావాలా అని. పని వేగం అందుకోలేక ఉద్యోగం వదులుకున్న మనిషి సైతం, నడక బాగున్నంత కాలం, ఈ లెక్కలో తేలికపాటి రోగిగానే నమోదవుతారు. అందుకే ఆలోచనకు వేరే కొలత అవసరమైంది.

ఒకే ఏడాది, రెండు నగరాలు

1868లో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రి వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో ఈ జబ్బును వణుకు పుట్టించే ఇతర జబ్బుల నుంచి వేరుచేసి, మెదడులోనూ వెన్నుపాములోనూ కనబడే గట్టిపడిన మచ్చలతో ముడిపెట్టి వర్ణించాడు. రోగుల జ్ఞాపకశక్తి సన్నగిల్లుతుందని, వారిలో భావాలు నెమ్మదిగా రూపుకడతాయని తన ఉపన్యాసాల్లో చెప్పినవాడు కూడా ఆయనే.

అదే 1868లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఫ్రాన్సిస్కస్ డాండర్స్ అనే నేత్రవైద్యుడు ఆలోచనకు పట్టే సమయాన్ని కొలిచే ఉపాయాన్ని ప్రచురించాడు. ఒక పాదానికి స్వల్పంగా విద్యుత్తు తాకిస్తారు, ఆ వైపు చేతిని కదపాలి. ఏ పాదానికి తాకుతుందో ముందే తెలిసినప్పుడు కొంత సమయం పట్టింది. తెలియనప్పుడు అంతకంటే సెకనులో సుమారు పదిహేనో వంతు ఎక్కువ పట్టింది. నాడుల్లో ప్రయాణమూ చెయ్యి కదలికా రెండు సందర్భాల్లో ఒకటే కనుక, మిగిలిన తేడా కుడా ఎడమా అని తేల్చుకోవడానికి మనసుకు పట్టిన సమయమేనన్నది డాండర్స్ వాదం. ఒక మొత్తంలోంచి మరో మొత్తాన్ని తీసివేసి ఆలోచనను విడిగా పట్టుకోవడం ఆయన పద్ధతి. ఈ తీసివేతను గుర్తుంచుకుంటే ఎంఎస్ పరీక్షల్లోని చిక్కులు చాలా తేలికగా అర్థమవుతాయి.

ఒకచోట జబ్బును గమనించారు, మరోచోట గడియారం చేతబట్టారు. ఆ రెండూ ఒకే గదిలోకి రావడానికి వందేళ్లకు పైనే పట్టింది. ఈ మధ్యకాలంలో ఎంఎస్ అంటే ఒంటి జబ్బే అన్న అభిప్రాయం వేళ్లూనుకుంది. దాన్ని గట్టిగా కదిలించింది 1991లో అమెరికాలో స్టీఫెన్ రావ్ బృందం ప్రచురించిన అధ్యయనం. ఆసుపత్రి మంచాల మీదివారిని కాకుండా మామూలుగా ఇళ్లలో ఉంటున్న 100 మంది ఎంఎస్ రోగులను, వారికి సరితూగే 100 మంది ఆరోగ్యవంతులను ఎంచుకుని అందరికీ సుదీర్ఘమైన పరీక్షలు పెట్టారు. రోగుల్లో 48 మందికి, ఆరోగ్యవంతుల్లో ఐదుగురికి లోపం ఉన్నట్టు తేలింది. ఐదుగురిని తీసివేసి, లోపం 43 శాతమని లెక్క చెప్పారు. ఏ పరీక్ష పెట్టినా జబ్బు లేనివారిలో కొందరు తప్పుతారు. ఆ కొందరిని మినహాయించాకే మిగిలినదాన్ని జబ్బు ఖాతాలో వేయాలన్న జాగ్రత్త ఆ ఐదు అంకెలో ఉంది. తరువాతి అధ్యయనాలు, ఎవరిని చూశారన్నదాన్ని బట్టి, 40 నుంచి 65 శాతం మధ్య చెబుతున్నాయి. ఎక్కువమందిలో దెబ్బతినేవి రెండు: కొత్తది నేర్చుకుని గుర్తుంచుకోవడం, ఆలోచనా వేగం. ఈ రెంటిలో వేగమే తరచుగా ముందు తగ్గుతుంది.

ఆలస్యం ఎక్కడ జరుగుతుంది

మైలిన్ పొర చుట్టిన దళసరి నాడీతంతువులో సంకేతం సెకనుకు 100 మీటర్ల దాకా పరుగెడుతుంది. పొర లేని సన్నని తంతువులో సెకనుకు ఒకటి రెండు మీటర్లు దాటడం కష్టం. ఎంఎస్‌లో శరీర రక్షణ వ్యవస్థ దాడి చేసేది ఈ మైలిన్ మీదే. కాబట్టి తీగ మీది తొడుగు ఊడింది, సంకేతం ఆలస్యమైంది, ఆలోచన నెమ్మదించింది అని సరిపెట్టుకోవాలనిపిస్తుంది.

లెక్క వేసి చూస్తే అది సరిపోదు. నలుపు తెలుపు గళ్ల నమూనాను కళ్లముందు అటూ ఇటూ మారుస్తూ తల వెనుక భాగంలో విద్యుత్ తరంగాన్ని నమోదు చేసే పరీక్ష ఒకటి ఉంది. ఆరోగ్యవంతుల్లో ఆ తరంగం సుమారు 100 మిల్లీసెకన్లకు వస్తుంది. దృష్టినాడి దెబ్బతిన్నవారిలో మరికొన్ని పదుల మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. ఆలోచనా వేగం పరీక్షల్లో కనబడే తేడా ఒక్కో అంశానికి వందల మిల్లీసెకన్లు. ఒక తీగలోని జాప్యం దానికి చాలదు.

చిన్న నిర్ణయానికి కూడా మెదడులో అనేక ప్రాంతాలు ఒకదానికొకటి కబురు పంపుకోవాలి, తిరుగుకబురు అందుకోవాలి. ప్రతి రాకపోకలోనూ కొంత జాప్యం చేరుతుంది. కొన్నిచోట్ల తంతువే తెగిపోయి కబురు చుట్టుదారిన పోవలసి వస్తుంది. దీనికి తోడు మెదడు మధ్యలో కూడలిలాంటి థలామస్ ఈ జబ్బులో తొందరగా కుంచించుకుపోతుంది, పైపొరలోని బూడిదరంగు పదార్థంలోనూ మచ్చలు పడతాయి. ఎంఆర్ఐ చిత్రంలో కొట్టొచ్చినట్టు కనబడే తెల్లమచ్చల కంటే థలామస్ పరిమాణమే ఆలోచనా వేగంతో ఎక్కువగా పొంతన చూపుతుందని పలు అధ్యయనాలు తేల్చాయి. ‘ఎంఆర్ఐలో కొత్త మచ్చలేమీ లేవు, అంతా బాగుంది’ అన్న మాట ఆలోచన గురించి పెద్దగా ఏమీ చెప్పదు. అది తెలియాలంటే ఆ మనిషిచేత ఆలోచింపజేసి చూడాలి.

ప్రయోగశాలలో దొరికిన శుద్ధమైన జవాబు

నెమ్మదిగా జవాబిచ్చిన మనిషిలో నెమ్మదించింది ఏది? కన్నా, ఆలోచనా, నాలుకా, వేలా? ఈ ప్రశ్నకు మానసిక శాస్త్రంలో చక్కటి ఉపాయం సాల్ స్టెర్న్‌బర్గ్ 1966లో చూపించాడు. కొన్ని అంకెలు గుర్తుపెట్టుకోమంటారు. తరువాత ఒక అంకె చూపించి, అది ఆ జాబితాలో ఉందా లేదా అన్నది మీట నొక్కి చెప్పమంటారు. జాబితాలో ఒక్కో అంకె పెరిగేకొద్దీ జవాబుకు సుమారు 38 మిల్లీసెకన్ల చొప్పున ఎక్కువ పట్టింది. వేలు నెమ్మదిగా కదిలే మనిషికి ప్రతి జవాబూ ఒకే మోతాదులో ఆలస్యమవుతుంది. రెండు అంకెల జాబితా అయినా ఆరు అంకెలదైనా వేలు పని అంతే కదా. మనసులో వెతుకులాట నెమ్మదించిన మనిషికి మాత్రం జాబితా పెరిగేకొద్దీ ఆలస్యమూ పెరుగుతుంది. గ్రాఫు గీస్తే మొదటి మనిషి గీత పైకి జరుగుతుంది, రెండో మనిషి గీత నిటారుగా లేస్తుంది. 1989లో రావ్ బృందం ఈ పద్ధతిని ఎంఎస్ రోగుల మీద ప్రయోగించినప్పుడు గీత నిటారుగా లేచింది. వేలి బలహీనతకు ఆపాదించడానికి వీల్లేని ఆలస్యం అది.

అంతకంటే ఆసక్తికరమైన ఫలితం 1999లో హీత్ డెమరీ, జాన్ డెలూకా తదితరులు ప్రచురించినది. మామూలు పరీక్షలు అందరికీ ఒకే వేగంతో ప్రశ్నలు వేసి ఎన్ని తప్పులు చేశారో చూస్తాయి. వీరు దాన్ని తలకిందులు చేశారు. ప్రశ్నల వేగాన్ని ఒక్కో మనిషికి తగినట్టు తగ్గిస్తూ పెంచుతూ, ఏ వేగం దగ్గర వారు సమానమైన ఖచ్చితత్వంతో చేయగలరో వెతికారు. ఎంఎస్ రోగులకు ఎక్కువ సమయం కావలసివచ్చింది. ఆ సమయం ఇచ్చాక వారి జవాబుల నాణ్యతకు, ఆరోగ్యవంతుల జవాబుల నాణ్యతకు తేడా కనబడలేదు.

ఈ అంశం మీద జరిగిన పరిశోధనల్లో రోగులకు అన్నిటికంటే ఉపయోగపడేది ఇదేనని నా అభిప్రాయం. ‘బుద్ధి తగ్గింది’ అన్న మాటకు, ‘సమయం ఎక్కువ కావాలి’ అన్న మాటకు మధ్య ఒక మనిషి ఉద్యోగమూ ఆత్మగౌరవమూ ఊగిసలాడుతుంటాయి. అయితే ఎంఎస్‌లో లోపమంతా వేగానిదేనని దీన్నిబట్టి తీర్మానించకూడదు. జబ్బు ముదిరినవారిలో ఎంత సమయమిచ్చినా జ్ఞాపకం, ప్రణాళిక వేసుకునే శక్తి తడబడవచ్చు.

ఇలాంటి పరీక్షలకు ప్రత్యేకమైన కంప్యూటర్ ఏర్పాటు, చాలా సమయం, ఓపికగల నిపుణులు కావాలి. రద్దీగా ఉండే న్యూరాలజీ విభాగంలో అవి సాధ్యం కావు. అక్కడికి కాస్త కల్తీ ఉన్నా తొందరగా అయిపోయే కొలత కావాలి.

పాసాట్ పెట్టిన తిప్పలు

చాలాకాలం ఆ స్థానంలో ఉన్నది పాసాట్. న్యూజిలాండ్‌కు చెందిన డొరొతీ గ్రాన్‌వాల్ తలకు దెబ్బ తగిలినవారి కోలుకోవడాన్ని కొలవడానికి వాడిన పరీక్ష ఇది. రికార్డు చేసిన గొంతు మూడు సెకన్లకొకటి చొప్పున అంకెలు చదువుతుంది. విన్న అంకెను దాని ముందటి అంకెతో కూడి పైకి చెప్పాలి. 3, 5 వినబడితే ‘8’ అనాలి. తరువాత 2 వినబడితే ‘7’ అనాలి, ఎందుకంటే కూడవలసింది 5తో. నోట్లోంచి అప్పుడే వచ్చిన 8 చెవిలో మోగుతూ ఉంటుంది కనుక చాలామంది ‘10’ అంటారు. మన జవాబును మనమే మరిచిపోవలసిన పరీక్ష ఇది. ఒక్కటి తప్పితే తేరుకునేలోపు మరో రెండు దాటిపోతాయి. మొత్తం 60 జవాబులు.

1990లలో ఎంఎస్ ఔషధ ప్రయోగాల కోసం నడక, చేతి నేర్పు, ఆలోచన మూడింటినీ కలిపి ఎంఎస్ఎఫ్‌సీ అనే సంయుక్త కొలమానాన్ని తయారుచేసినప్పుడు ఆలోచన తరఫున పాసాట్‌ను తీసుకున్నారు. రోగులు దాన్ని అసహ్యించుకున్నారనడం అతిశయోక్తి కాదు. కూడికలు అలవాటున్నవారికి తేలిక, లేనివారికి నరకం. పైగా తెలివైనవారు అడ్డదారి కనిపెట్టారు. రెండు అంకెలు విని కూడిక చెప్పి, తరువాతి జవాబు వదిలేసి, మళ్లీ రెండు విని చెబితే పరీక్ష కష్టమంతా తొలగిపోయి కూడా సుమారు సగం మార్కులు వస్తాయి. మార్కుల పట్టీ చూసినవారికి ఆ సగం ఎలా వచ్చిందో తెలియదు. మెదడు ఎంత నెమ్మదించిందో కొలవబోయి, మనిషి ఎంత విసిగిపోయాడో కొలిచినట్టయింది.

తొమ్మిది గుర్తులు, 90 సెకన్లు

ఇప్పుడు ఎక్కువచోట్ల వాడుతున్నది ఎస్‌డీఎంటీ. దీన్ని ఆరన్ స్మిత్ 1973లో ప్రచురించాడు. కాగితం పైభాగంలో తొమ్మిది గుర్తులు, వాటి కింద 1 నుంచి 9 వరకు అంకెలు ఉంటాయి. ఏ గుర్తుకు ఏ అంకె అన్నదానికి అదే సూచిక. దాని దిగువన అవే గుర్తులు కలగాపులగంగా, అంకెలు లేకుండా, వరుసల నిండా ఉంటాయి. పది గుర్తుల మీద అలవాటు చేయించి, తరువాత 90 సెకన్లలో ఒక్కో గుర్తుకు తగిన అంకెను వరుసగా చెప్పమంటారు. సరైన జవాబుల సంఖ్యే మార్కు, గరిష్ఠం 110. అంతే. కాగితం, గడియారం, ఒక మనిషి ఉంటే చాలు.

అంతకుముందే ప్రసిద్ధమైన వెక్స్‌లర్ పరీక్షలో అంకె ఇచ్చి గుర్తు గీయమనేవారు. స్మిత్ దాన్ని తిరగేశాడు. గుర్తు చూసి అంకె చెప్పడం అయ్యేసరికి జవాబు నోటితో చెప్పే వీలు వచ్చింది. చెయ్యి వణికేవారు, కలం పట్టలేనివారు ఉండే ఎంఎస్‌లో ఈ చిన్న తిరగవేత ఎంతో కలిసొచ్చింది. 2012లో అంతర్జాతీయ నిపుణుల బృందం పావుగంటలో ముగిసే బైకామ్స్ అనే చిన్న పరీక్షల సంపుటిని ప్రతిపాదించినప్పుడు అందులో మూడింటిలో మొదటిది ఎస్‌డీఎంటీ. మిగతా రెండూ మాటలను, బొమ్మలను గుర్తుంచుకునే పరీక్షలు. మూడూ చేయించే సమయం లేకపోతే ఎస్‌డీఎంటీ ఒక్కటైనా చేయించమని సలహా ఇచ్చారు.

మార్కును సెకన్లలోకి మార్చి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. 60 వచ్చిన మనిషికి ఒక్కో గుర్తుకు ఒకటిన్నర సెకను పట్టింది. 45 వచ్చిన మనిషికి రెండు సెకన్లు. తేడా అరసెకను. అరసెకను ఏపాటిది అనిపిస్తుంది కానీ, సంభాషణలో ఒకరి మాట ముగిసి మరొకరి మాట మొదలవడానికి మామూలుగా పట్టే విరామం అంతకంటే తక్కువే.

ఈ పరీక్ష ఎంఎస్‌లోని మార్పులను ఇంత సున్నితంగా ఎందుకు పట్టుకుంటుంది? కారణం చెబితే కొంత నిరాశ కలుగుతుంది: అది ఒకే ఒక్కదాన్ని కొలవదు కాబట్టి. కన్ను గుర్తు మీద నుంచి సూచిక మీదికి దూకాలి, అక్కడ వెతకాలి, పోలికలున్న గుర్తులను వేరుచేయాలి, అంకెను పట్టుకుని వెనక్కి రావాలి, నోటితో చెప్పాలి, వరుసలో ఎక్కడున్నామో తప్పిపోకూడదు. కొన్ని గుర్తులు మధ్యలోనే కంఠతా వస్తే మళ్లీ పైకి చూడనక్కరలేదు. అంటే జ్ఞాపకశక్తి బాగున్నవారికి వేగం ఎక్కువున్నట్టు మార్కు వస్తుంది. ఈ గొలుసులో ఏ లంకె సడలినా మార్కు తగ్గుతుంది. జబ్బు మెదడులో ఎక్కడ దెబ్బకొట్టినా ఏదో ఒక లంకెకు తగులుతుంది కనుక పరీక్ష దాన్ని పసిగడుతుంది. ఏ లంకెకు తగిలిందో మాత్రం చెప్పలేదు. డాండర్స్ తీసివేతలో విడిగా తేల్చినదాన్ని ఎస్‌డీఎంటీ మళ్లీ ఒకే మూటగా కట్టేసింది. 2017లో కోస్టా, డెలూకా తదితరులు వేగాన్ని గ్రహించే వేగం, ఆలోచించే వేగం, కదిలే వేగం అని మూడుగా విడదీసి చూడాలని ప్రతిపాదించింది ఈ చిక్కును ఉద్దేశించే.

కాబట్టి ఎస్‌డీఎంటీ తగ్గిందంటే ‘ఆలోచన నెమ్మదించింది’ అని ఠక్కున చెప్పడానికి ముందు చూసుకోవలసినవి ఉన్నాయి. దృష్టినాడి వాపు వచ్చి పోయిన కంటికి ఆ చిన్న గుర్తులు స్పష్టంగా కనబడుతున్నాయా? మాట తడబడే మనిషికి అంకె చెప్పడానికే ఎంత పడుతోంది? మూత్రాశయం కోసం వాడే కొన్ని మందులు, కండరాల బిగుతు తగ్గించే మందులు, నిద్రమాత్రలు ఆలోచనను మందగింపజేస్తాయి. ఎంఎస్ ఉన్నవారిలో దాదాపు సగం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు లోనవుతారు. అది కూడా వేగాన్ని తగ్గిస్తుంది, పైగా చికిత్సకు లొంగుతుంది. ఒంట్లో వేడి పెరిగితే లక్షణాలు తాత్కాలికంగా ముదురుతాయి; వ్యాయామం చేశాక చూపు తాత్కాలికంగా మందగించడాన్ని విల్‌హెల్మ్ ఊథాఫ్ 1890లోనే గుర్తించాడు. జ్వరంతో ఉన్న రోజు చేసిన పరీక్షను లెక్కలోకి తీసుకోకూడదు.

భాష సంగతి కూడా ఒకటుంది. ఒకటి నుంచి తొమ్మిది వరకు తెలుగులో పలికితే 23 అక్షరాలవుతాయి, ‘ఎనిమిది’కే నాలుగు. ఇంగ్లిషులో ఏడు తప్ప తక్కిన అంకెలన్నీ ఒకే ఊపులో నోటి నుంచి వెలువడతాయి. ఎక్కువ సమయం వెతుకులాటకే పోతుంది కనుక నాలుక వాటా చిన్నదే కావచ్చు. అయినా అరసెకన్లను లెక్కపెట్టే చోట ఆ చిన్న వాటాను వదిలేయకూడదు. ఒక భాషలో, ఒక రకమైన చదువులు చదివినవారిలో తయారైన సగటులను మరో భాషవారి మీద యథాతథంగా మోపడం సరికాదు. బైకామ్స్‌ను ప్రతిపాదించినవారు ఏ దేశానికా దేశంలో, ఏ భాషకా భాషలో ఆరోగ్యవంతుల సగటులు సేకరించాలని పట్టుబట్టింది అందుకే.

నాలుగు మార్కుల గొడవ

నిరుడు 50, ఈసారి 46. కంగారు పడాలా? 2017లో రాల్ఫ్ బెనెడిక్ట్ తదితరులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను సమీక్షించి, 4 మార్కులు లేదా 10 శాతం మార్పును అర్థవంతమైనదిగా పరిగణించవచ్చని చెప్పారు. దానికి ఆధారాల్లో ఒకటి ఉద్యోగం: పని కోల్పోయినవారిలో, పని తగ్గించుకోవలసివచ్చినవారిలో మార్కు సుమారుగా అంత పడిపోయినట్టు కనబడింది. ఆ 4 అప్పటినుంచి ప్రాచుర్యంలోకి వచ్చేసింది.

గుంపుల సగటులకు పనికొచ్చిన అంకెను ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి అంటగట్టడంలోనే చిక్కు ఉంది. ఏ మార్పూ లేని మనిషి కూడా వారం తేడాతో రెండుసార్లు రాస్తే మార్కు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటను లెక్కలోకి తీసుకున్న తరువాతి విశ్లేషణలు, ఒక వ్యక్తిలో నిజమైన మార్పు వచ్చిందనడానికి 8 మార్కుల దాకా తేడా ఉండాలని సూచించాయి. ఇంకో సంగతి సాదా లెక్కతోనే తెలుస్తుంది. 60 నుంచి 56కు పడిపోవడమంటే ఒక్కో గుర్తుకు సెకనులో పదో వంతు అదనం. 30 నుంచి 26కు పడిపోవడమంటే దాదాపు అరసెకను అదనం. రెండూ నాలుగు మార్కులే, నెమ్మదింపు మాత్రం నాలుగు రెట్లకు పైగా తేడా. అంకెల మీద నమ్మకం మంచిదే గానీ, ఈ నాలుగు ఆ నాలుగు ఒకటి కావు.

అలవాటు మరో చిక్కు. రెండోసారి కూర్చున్న మనిషికి పరీక్ష స్వరూపం తెలుసు, బెదురు తగ్గుతుంది, కొన్ని మార్కులు పెరుగుతాయి. అదే సూచిక ఉన్న కాగితం ఇస్తే మరీను. అందుకే గుర్తులు, అంకెల జతలు మార్చిన ప్రత్యామ్నాయ కాగితాలు వాడతారు. జబ్బువల్ల మూడు మార్కులు పోయి, అలవాటువల్ల మూడు వస్తే ‘మార్పు లేదు’ అని తేలుతుంది. ఆ మాట మీద ఎవరికీ అనుమానం రాదు, అదే ప్రమాదం.

వయసు, చదువు ఆధారంగా ఉన్న సగటు కంటే ఒక నిర్ణీత మేర దిగువన ఉంటే లోపం ఉన్నట్టు పరిగణించడం మామూలు పద్ధతి. దీనివల్ల నష్టపోయేది మొదట్లో బాగా ముందున్నవారు. జబ్బుకు ముందు 75 తెచ్చుకోగల మనిషి 60కి పడిపోతే తన పనిలో ఆ తేడా రోజూ అనుభవిస్తారు, పట్టిక ప్రకారం మాత్రం సగటు మనిషే. ‘మీకేమీ లేదు’ అనిపించుకుని ఇంటికి వెళ్లినవారిలో ఇలాంటివారు తక్కువేమీ ఉండరు. దీనికి విరుగుడు ఒక్కటే. జబ్బు నిర్ధారణ అయిన తొలినాళ్లలోనే ఒకసారి కొలిచిపెట్టుకుని, తరువాత ఆ మనిషిని ఆ మనిషితోనే పోల్చడం. 2018లో అమెరికా జాతీయ ఎంఎస్ సంఘం మద్దతుతో వెలువడిన సిఫారసులు కూడా తొలి పరీక్ష ఎస్‌డీఎంటీతోనో, అంతే నమ్మదగిన మరోదానితోనో త్వరగా చేయాలని, ఆపైన ఏటా చేయాలని చెప్పాయి.

ఇలా వరుసగా కొలిచిన చోటే ఇంకో విషయమూ బయటపడింది. కాళ్లూ చేతులూ కళ్లూ బాగున్నా, ఆలోచనా వేగం ఒక్కటే హఠాత్తుగా తగ్గి, కొన్ని నెలల్లో మళ్లీ కోలుకున్న సందర్భాలున్నాయి. చెయ్యి చచ్చుబడితే వెంటనే రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టింది, అంటారు. ఆలోచన చచ్చుబడితే అలసట అంటారు. పాత మార్కు చేతిలో లేకపోతే దాన్ని రిలాప్స్‌గా గుర్తించే అవకాశమే లేదు.

మనిషిని అడిగితే సరిపోదా?

‘మీ ఆలోచన నెమ్మదించిందా?’ అని నేరుగా అడగడానికి ప్రశ్నపత్రాలున్నాయి. ఎంఎస్‌ఎన్‌క్యూ అనే 15 ప్రశ్నల పత్రాన్ని రోగికి ఒకటి, దగ్గరివారికి ఒకటి ఇస్తారు. రోగి సొంతంగా ఇచ్చిన జవాబులు పరీక్ష మార్కుల కంటే డిప్రెషన్‌తో ఎక్కువ పొంతన చూపుతాయని, దగ్గరివారి జవాబులు పరీక్షకు కాస్త దగ్గరగా వస్తాయని తేలింది. దిగులులో ఉన్నవారు తమ లోపాన్ని ఎక్కువ చేసి చూస్తారు. లోపం నిజంగా ముదిరినవారు దాన్ని గమనించలేకపోవచ్చు. అలసట విషయంలోనూ ఇంతే. ‘మెదడు పనిచేయడం లేదు’ అన్నంత అలసటతో ఉన్నవారు 90 సెకన్ల పరీక్షలో మామూలు మార్కు తెచ్చుకోవడం తరచుగా జరుగుతుంది. వారి మాట అబద్ధమని కాదు. 90 సెకన్లు కూడదీసుకోగల మనిషి ఎనిమిది గంటలు కూడదీసుకోలేకపోవచ్చు. చిన్న పరీక్ష ఆ ఎనిమిది గంటలను చూడదు.

టాబ్లెట్లు, ఫోన్లు ఆ ఖాళీని పూరించవచ్చన్న ఆశ ఉంది. క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రావ్ బృందం ఎస్‌డీఎంటీ తరహా పరీక్షను ఐప్యాడ్ మీదికి తెచ్చింది. రోగి వేచి ఉండే సమయంలోనే తనంతట తాను చేసుకోవచ్చు. రోష్ సంస్థ ఫ్లడ్‌లైట్ అనే ఫోన్ యాప్‌లో ఇలాంటి పరీక్షను చేర్చింది. ఏడాదికి ఒక మార్కుకు బదులు వారానికొకటి వస్తే ఒక చెడ్డరోజు ప్రభావం కొట్టుకుపోతుంది, రోజుకూ రోజుకూ మధ్య ఊగిసలాట ఎంతో కూడా తెలుస్తుంది. కానీ తెర మీద వేలితో తాకడమంటే, నోటితో చెప్పించి వదిలించుకున్న చేతి బలహీనత మళ్లీ లెక్కలోకి వచ్చినట్టే. ఫోను మారిస్తే తెర పరిమాణం మారుతుంది. వారంవారం చేస్తే అలవాటు మరింత పెరుగుతుంది. స్మిత్ తప్పించిన చిక్కును యాప్ వెనక్కి తెచ్చిందనడం కాస్త కటువుగా ఉన్నా నిజం.

కొలతలోని ఈ అనిశ్చితి చికిత్సల అంచనా మీద కూడా పడుతుంది. 2023లో ఫలితాలు వెలువడిన కాగ్‌ఎక్స్ అనే ప్రయోగంలో ఆరు దేశాల నుంచి, జబ్బు ప్రోగ్రెసివ్ (క్రమంగా ముదిరే) రూపంలో ఉండి ఎస్‌డీఎంటీలో వెనకబడిన 311 మందిని తీసుకున్నారు. కంప్యూటర్‌పై మెదడు సాధన, శారీరక వ్యాయామం, వాటిని పోలిన ఉత్తుత్తి సాధనలు జతలుగా కలిపి నాలుగు గుంపులు చేసి 12 వారాలు సాగించారు. చివర ఎస్‌డీఎంటీలో నాలుగు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉత్తుత్తి సాధన గుంపును పెట్టుకోకుండా, అసలు సాధన చేసినవారి మొదటి మార్కునూ చివరి మార్కునూ మాత్రమే పోల్చి ఉంటే, అలవాటువల్ల పెరిగిన మార్కు కూడా చికిత్స ఖాతాలోనే పడేది.

ఫలితం చేతికి వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలు కొన్నే. నోటితో చేసిన పరీక్షా, రాసి చేసినదా, తెర మీద చేసినదా? కిందటిసారి కూడా అదే పద్ధతా, కాగితం మాత్రం వేరేదా? సగటు తీసింది ఎవరి నుంచి? ఆ రోజు నిద్ర, జ్వరం, కళ్లద్దాలు, కొత్త మందులు ఏవి ఎలా ఉన్నాయి? ఈ వివరాలు మార్కు పక్కన ఒక్క వరుసలో రాసిపెట్టడానికి పరీక్షకు పట్టిన 90 సెకన్లు కూడా పట్టవు. వచ్చే ఏడాది ఇదే కాగితాన్ని తెరిచేది బహుశా మరో వైద్యుడు, అప్పుడు ఆయన ముందు 46 అని ఉంటుంది.